డబ్బులు అడగని మెకానిక్: టాస్క్ మేనేజర్‌తో నా ఆరు వారాలు

రివ్యూలు మామూలుగా కొన్న వస్తువు మీద రాస్తారు. ఇది నేను కొనని వస్తువు మీద, విండోస్‌తో పాటే వచ్చే టాస్క్ మేనేజర్ మీద. తొమ్మిదేళ్ల నుంచి మా ఇంటి కంప్యూటర్లోనే ఉంది. దాని మొహం ఎప్పుడూ చూడలేదని కాదు. ఏదైనా బిగుసుకుపోతే కంట్రోల్, ఆల్ట్, డిలీట్ నొక్కి, వచ్చిన జాబితాలోంచి టాస్క్ మేనేజర్‌ని పిలిచి, ఆగిపోయినదాని మీద 'ఎండ్ టాస్క్' కొట్టి మూసేసేదాన్ని. గొడవ జరిగితే పోలీసును పిలిచి, గొడవ ఆగగానే పంపించేసినట్టు. అతనికి ఇంట్లో ఎవరేం చేస్తున్నారో అన్నీ కనిపిస్తూనే ఉన్నాయని, అడిగితే చెప్పేవాడని ఈ మధ్యే తెలిసింది.

మా కంప్యూటర్ 2016లో విడి భాగాలు కొని బిగించింది. ఇంటెల్ ఐ3 6100 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. నేను ఇంట్లో కూర్చుని ముగ్గురు నలుగురు చిన్న వ్యాపారుల లెక్కలు చూస్తాను. రోజంతా ఎక్సెల్, బ్రౌజర్, అప్పుడప్పుడు ప్రింటర్, అంతే. ఆటలు లేవు, వీడియో ఎడిటింగ్ లేదు. అయినా రెండేళ్లుగా అది నడవడం మానేసి పాకడం మొదలుపెట్టింది. పొద్దున్నే బటన్ నొక్కి, ఉతికిన బట్టలు ఆరేసి వచ్చేసరికి కూడా ఆ నీలం తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉండేవి.

లెక్కలు రాసే అలవాటు కదా, దీనికీ ఒకటి రాశాను. ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి చూస్తే, బటన్ నొక్కినప్పటి నుంచి మౌస్ నా మాట వినేదాకా 4 నిమిషాల 40 సెకన్లు. ఆ తర్వాత ఎక్సెల్ తెరుచుకోవడానికి ఇంకో 1 నిమిషం 10 సెకన్లు. ఈ రెండు అంకెలు ఒక కాగితం మీద రాసి మానిటర్ పక్కన అంటించాను. తర్వాత ఏం చేసినా ఆ కాగితం మీదే కింద రాస్తూ వచ్చాను. కంప్యూటర్ స్లో అయిందనేవాళ్లందరికీ నేను ముందు ఇదే చెబుతాను. 'కొంచెం ఫాస్ట్ అయినట్టుంది' అన్న మాటని నమ్మి నేను ఒకసారి డబ్బులు పోగొట్టుకున్నాను.

అదెలాగంటే, ఒక క్లీనర్ సాఫ్ట్‌వేర్. పేరు వద్దులెండి. ఉచితంగా స్కాన్ చేస్తానంది, చేసింది. 1,347 సమస్యలున్నాయని ఎర్ర అక్షరాల్లో చూపించింది. బాగుచేయాలంటే ఏడాది చందా కట్టాలంది. భయపడి కట్టాను. సమస్యలన్నీ సున్నా అయ్యాయి, పెద్ద ఆకుపచ్చ టిక్కు పడింది. మర్నాడు కంప్యూటర్ తెరుచుకోవడానికి 4 నిమిషాల 52 సెకన్లు పట్టింది. పన్నెండు సెకన్లు పెరిగింది! తర్వాత చదివితే తెలిసింది, ఇలాంటి రిజిస్ట్రీ (విండోస్ తన సెట్టింగులు రాసిపెట్టుకునే ఖాతా పుస్తకం) క్లీనర్లు వాడటాన్ని తాము సమర్థించబోమని మైక్రోసాఫ్టే తన సపోర్ట్ విధానంలో రాసిపెట్టుకుందట. రిజిస్ట్రీలో మిగిలిపోయిన పాత ఎంట్రీలు వెయ్యి ఉన్నా వేగానికి పడే తేడా కనిపించేంత ఉండదు.

మా మరిది ఫోన్లోనే రోగం తేల్చేశాడు. "వైరస్ వదినా. ఫార్మాట్ కొట్టేయండి." రిపేరు షాపతను కేసు విప్పకుండానే "మదర్‌బోర్డు పాతదైపోయింది మేడమ్, కొత్తది తీసుకోండి" అన్నాడు. ఇద్దరూ ఒక్క అంకె కూడా చూడలేదు. చివరికి మా అమ్మాయి ఫోన్ చేసినప్పుడు ఈ గోలంతా చెబితే, అది నవ్వి, "అమ్మా, ముందు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కు. పైన ఏ గడి రంగు ముదిరిందో చెప్పు" అంది.

ఇక్కడి నుంచి అసలు రివ్యూ.

తెరవడం తేలికే. ఆ మూడు కీలూ కీబోర్డు ఎడమ పక్కనే ఉంటాయి, ఒక చెయ్యి చాలు. మొదటిసారి చిన్న డబ్బాలా వస్తుంది. అడుగున 'మోర్ డీటెయిల్స్' అని ఉంటుంది, అది నొక్కితేనే అసలు సరుకు కనిపిస్తుంది. ఆ ఒక్క నొక్కు తెలియకే నేను తొమ్మిదేళ్లు గడిపాను. మైక్రోసాఫ్ట్‌లో పనిచేసిన డేవ్ ప్లమర్ అనే ఇంజనీరు దీన్ని ఇంట్లో తన సొంతానికి రాసుకున్నారట. తర్వాత కంపెనీకి ఇస్తే 1996లో విండోస్ ఎన్‌టీ 4.0తో బయటికొచ్చింది. 2012లో విండోస్ 8 వచ్చినప్పుడు ఇప్పటి రూపం కట్టింది. గడి నిండేకొద్దీ రంగు ముదరడం అప్పటి నుంచే. నా దృష్టిలో దీని గొప్పంతా ఆ రంగులోనే ఉంది. ఇంగ్లిష్ పేర్లు అర్థం కాకపోయినా రంగు అర్థమవుతుంది.

నాకు కనిపించింది ఇది: సీపీయూ (అంటే ప్రాసెసర్) 9 శాతం, మెమరీ (అంటే ర్యామ్) 84 శాతం, డిస్క్ 100 శాతం. డిస్క్ గడి ముదురు నారింజ రంగులో మండుతోంది. నేను ఏమీ తెరవలేదు, ఊరికే చూస్తున్నాను.

అంటే షాపతను పాతదైపోయిందన్న ప్రాసెసర్ తొంభై శాతం ఖాళీగా కూర్చుని ఉంది. డిస్క్ తెచ్చి ఇచ్చేదాని కోసం ఎదురుచూస్తోంది. అది చూడగానే కొత్త కంప్యూటర్ ఆలోచన మానేశాను.

ఇక్కడే నాకు ఒక పెద్ద అనుమానం వచ్చింది, చాలామందికి వస్తుంది కూడా. డిస్క్ 100 శాతం అంటే నిండిపోయిందని కాదు. మా డిస్క్‌లో సగం ఖాళీయే. పోనీ వంద శాతం వేగంతో పని చేస్తోందా అంటే అదీ కాదు. కింద జాబితాలో అందరి వాటా కలిపితే సెకనుకు 2 ఎంబీ కూడా లేదు. అదే డిస్క్ పెద్ద సినిమా ఫైలు కాపీ చేసేటప్పుడు సెకనుకు నూరు ఎంబీ దాకా లాగుతుంది. మరి వంద శాతం దేనిది? అది తీరిక లేనితనం కొలత. 'యాక్టివ్ టైమ్' అంటారు. ఒక గుమాస్తాని ఊహించుకోండి. పది బీరువాల్లో చెల్లాచెదురుగా ఉన్న చీటీలు ఒక్కొక్కటిగా తెమ్మంటే పొద్దంతా పరిగెడుతూనే ఉంటాడు, సాయంత్రానికి తెచ్చింది గుప్పెడే. అదే ఒకే బీరువాలో వరసగా ఉన్న దస్తాలు తెమ్మంటే గంటలో గది నింపేస్తాడు.

లెక్క కూడా వేసి చూశాను. మా హార్డ్ డిస్క్‌లో పళ్లెం నిమిషానికి 7,200 సార్లు తిరుగుతుంది. అంటే సెకనుకు 120 చుట్లు, ఒక్కో చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు. కావలసిన చోటు, దాన్ని చదివే సూది కిందికి రావడానికి సగటున అరచుట్టు, అంటే 4 మిల్లీసెకన్ల పైన. సూది పక్కకి జరగడానికి ఇంకో 9 మిల్లీసెకన్లు వేసుకోండి. మొత్తం ముక్కకి 13. సెకనుకి డెబ్బై ఎనభై ముక్కలకి మించి రావు. ఒక్కో ముక్క 4 కేబీ అనుకుంటే సెకనుకి 300 కేబీ! విండోస్ తెరుచుకునేటప్పుడు అడిగేవి చాలావరకు ఇలాంటి చిన్నచిన్న ముక్కలే, వేలకు వేలు. ల్యాప్‌టాప్‌లలో పాత డిస్కులు చాలావరకు 5,400 చుట్లవి, ఇంకా నెమ్మది. మీ మిషన్లో ఏముందో 'పర్ఫార్మెన్స్' పేజీలో డిస్క్ దగ్గర హెచ్‌డీడీ (ఇలా తిరిగే హార్డ్ డిస్క్) అనో, ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని కొత్త రకం) అనో రాసి ఉంటుంది. 2020 తర్వాతి విండోస్ 10 అప్‌డేట్లు వేసుకున్నవాటిలో కనిపిస్తుంది.

ఒక జాగ్రత్త. కంప్యూటర్ ఆన్ చేసిన మొదటి కొన్ని నిమిషాల్లో హార్డ్ డిస్క్ వంద చూపించడం మామూలే. ఓ పావుగంట వదిలేసి, ఏమీ ముట్టుకోకుండా చూడండి. అప్పటికీ దిగకపోతేనే రోగం. మాది దిగలేదు.

తర్వాత 'స్టార్టప్' పేజీ. ఈ పేజీ ఒక్కదానికే ఐదు నక్షత్రాలు ఇస్తాను. విండోస్ 11లో ఇది ఎడమ పక్క వరసలో ఉంటుంది. కంప్యూటర్ తెరుచుకోగానే నన్ను అడక్కుండా లేచి కూర్చునేవాళ్ల జాబితా అది. మాకు పదిహేడు మంది ఉన్నారు. ఎప్పుడో పారేసిన ప్రింటర్ తాలూకు సహాయకుడు, మా అమ్మాయి కాలేజీ రోజుల్లో వేసిన పాటల యాప్, రెండు క్లౌడ్ డ్రైవులు, మూడు రకాల అప్‌డేటర్లు. వీళ్లందరి మధ్యా నేను చందా కట్టి తెచ్చుకున్న క్లీనర్! దాని పక్కన 'హై' అని రాసి ఉంది. ఈ హై, మీడియం, లో అనేవి ఊరికే పెట్టినవి కావు. మొదలయ్యేటప్పుడు ఒక సెకను కంటే ఎక్కువ ప్రాసెసర్ సమయం గానీ, 3 ఎంబీ కంటే ఎక్కువ డిస్క్ పని గానీ తీసుకుంటే హై. ఆ పన్నెండు సెకన్లు ఎక్కడివో అప్పుడు అర్థమైంది.

ఒక్కోదాని మీద కుడి నొక్కు నొక్కి 'డిసేబుల్' అన్నాను. డిసేబుల్ అంటే తీసేయడం కాదు, పిలిచినప్పుడు రమ్మనడం అంతే. యాంటీవైరస్‌ని, సౌండ్ డ్రైవర్ తాలూకు దాన్ని ముట్టుకోలేదు. పేరు చూసినా ఏవో తెలియనివి రెండు అలాగే వదిలేశాను. పదిహేడులో ఐదు మిగిలాయి. రీస్టార్ట్ చేసి కొలిస్తే 3 నిమిషాల 10 సెకన్లు. రూపాయి ఖర్చు లేదు, ఇరవై నిమిషాల పని.

ఆ పేజీలోనే పైన కుడి మూలన 'లాస్ట్ బయోస్ టైమ్' అని చిన్న అక్షరాల్లో ఒక అంకె ఉంటుంది. విండోస్ మొదలవకముందు మదర్‌బోర్డు తన పరీక్షలకి తీసుకున్న సమయం అది. మాది 9.8 సెకన్లు. మూడు నిమిషాల్లో పది సెకన్లు. పాపం మదర్‌బోర్డుని అనవసరంగా తిట్టారు.

మెమరీ సంగతి కొంచెం మెలికగా ఉంది. 84 శాతం అంటే ఇంకా 16 ఉంది కదా అనుకున్నాను. 'పర్ఫార్మెన్స్'లో మెమరీ నొక్కితే 'కమిటెడ్' అని రెండు అంకెలు ఉంటాయి. బ్రౌజర్లో పది ట్యాబులు, ఎక్సెల్‌లో రెండు ఫైళ్లు తెరిచాక మాది 7.1/8.9 జీబీ చూపించింది. ఉన్న ర్యామ్ 4. లెక్కలు రాసేవాళ్లకి ఇది వెంటనే తెలుస్తుంది: చేతిలో నాలుగుంటే ఏడుకి మాట ఇచ్చేసింది. ఆ లోటు విండోస్ ఎక్కడ సర్దుతుందంటే, పేజ్ ఫైల్ పేరుతో డిస్క్ మీదే. ముందే ఊపిరాడని గుమాస్తా నెత్తిన ఇంకో మూట. ట్యాబు మార్చినప్పుడల్లా తెర తెల్లబోయేది అందుకే.

కేసు విప్పకుండానే ర్యామ్ కొనేవాళ్లకి కావలసిన సమాచారం కూడా అక్కడే ఉంది. 'స్లాట్స్ యూజ్డ్ 1 ఆఫ్ 2', వేగం 2133. అంటే ఒక స్లాటు ఖాళీ. ర్యామ్ రకం డీడీఆర్4 అన్నది మాత్రం మదర్‌బోర్డు కాగితాల్లో చూసుకున్నాను. ఇంకో 4 జీబీ ముక్క తెచ్చి పెట్టాను, పక్క క్లిప్పులు టక్కుమనేదాకా నొక్కాలి, అంతే. తెరుచుకునే సమయం పెద్దగా మారలేదు, 3 నిమిషాలు. కానీ ట్యాబులు మారడం మారింది. ఎక్సెల్ నుంచి బ్రౌజర్‌కి వెళ్లి వస్తుంటే తెర తెల్లబోవడం పోయింది.

నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచింది ఇంకోటి. సీపీయూ పేజీలో అడుగున 'అప్ టైమ్' ఉంటుంది. కంప్యూటర్ ఎంతసేపటి నుంచి మేలుకుని ఉందో చెప్పేది. మాది 11 రోజుల 6 గంటలు. నేను రోజూ రాత్రి షట్ డౌన్ చేసి, ప్లగ్ స్విచ్ కూడా తీసి పడుకునేదాన్ని! అబద్ధమాడుతోందనుకున్నాను. అబద్ధం కాదు. విండోస్ 8 నుంచి 'ఫాస్ట్ స్టార్టప్' అని ఒకటి వచ్చింది. షట్ డౌన్ అన్నప్పుడు మన ప్రోగ్రాములు మూస్తుంది గానీ, విండోస్ లోపలి గుండెకాయని, డ్రైవర్లని అలాగే మడతపెట్టి డిస్క్ మీద దాచి, పొద్దున్నే విప్పుతుంది. లోపల ఏదైనా డ్రైవర్ తిక్కపడితే ఆ తిక్క కూడా భద్రంగా దాచి, పొద్దున్నే అప్పగిస్తుంది. 'రీస్టార్ట్' అంటేనే అంతా కొత్తగా మొదలవుతుంది. ఆపి మళ్లీ పెట్టండి అని అందరూ ఇచ్చే సలహా నేను పదకొండు రోజులూ పాటించాననే అనుకున్నాను. ఇప్పుడు వారానికోసారి రీస్టార్ట్ చేస్తున్నాను.

ఒక పొరపాటు కూడా చెప్పాలి, నాదే. ధైర్యం ఎక్కువై 'డీటెయిల్స్' పేజీలోకి వెళ్లి, ఎక్స్‌ప్లోరర్ అన్న పేరు చూసి, పాత బ్రౌజర్ ఇంకా నడుస్తోందనుకుని ఎండ్ టాస్క్ కొట్టాను. అది బ్రౌజర్ కాదు, డెస్క్‌టాప్‌ని చూపించే విండోస్ భాగమట. తెర మీద టాస్క్‌బార్, ఐకాన్లు అన్నీ మాయం. ఉత్త గోడ మిగిలింది. టెన్షన్‌తో చెయ్యి వణికింది. అదృష్టం, టాస్క్ మేనేజర్ మాత్రం తెరిచే ఉంది. అందులో 'ఫైల్', 'రన్ న్యూ టాస్క్' నొక్కి ఎక్స్‌ప్లోరర్ డాట్ ఈఎక్స్ఈ అని టైపు చేస్తే అన్నీ తిరిగొచ్చాయి. ఇంకోసారి ఎక్సెల్ ఆలోచిస్తూ ఆగితే ఓపిక లేక చంపేశాను, గంట పని పోయింది. 'నాట్ రెస్పాండింగ్' అంటే చచ్చిపోయిందని కాదు, కొన్నిసార్లు డిస్క్ కోసం ఎదురుచూస్తోందంతే. ఆ సంగతి డిస్క్ గడే చెబుతుంది. అది వందలో ఉంటే చంపకుండా రెండు నిమిషాలు ఆగండి.

ఇక లోపాలు. మొదటిది, దీనికి జ్ఞాపకశక్తి లేదు. మూసి తెరిస్తే పాత గ్రాఫు పోతుంది. నిన్న రాత్రి ఎవరు డిస్క్‌ని ఏడిపించారో ఈరోజు చెప్పలేదు. రెండోది, 'సర్వీస్ హోస్ట్' అనే పేరుతో డజన్ల కొద్దీ వరసలు చూపిస్తుంది, లోపలున్నది ఎవరో బాణం గుర్తు విప్పి చూసుకోవాలి. విప్పినా 'సిస్‌మెయిన్' అని ఉంటే నాలాంటివాళ్లకి ఏం అర్థమవుతుంది? ఎక్కువ వాడే ప్రోగ్రాములని ముందే మెమరీలోకి తెచ్చిపెట్టే సర్వీసు అది, చెడ్డది కాదు.

మూడోది పెద్ద లోపం. డిస్క్ బిజీగా ఉందని చెబుతుంది గానీ, జబ్బుగా ఉందని చెప్పదు. నేను ఇన్ని రోజులు స్టార్టప్, మెమరీ అంటూ తిరిగాను. నిజానికి అన్నిటికన్నా ముందు చూడాల్సింది అది. 'పర్ఫార్మెన్స్'లో డిస్క్ దగ్గర 'యావరేజ్ రెస్పాన్స్ టైమ్' అని ఒక అంకె కనిపిస్తూనే ఉంది. 13 మిల్లీసెకన్లు ఉండాల్సిన చోట నాకు ఒక్కోసారి 900, ఒక్కోసారి 2,000 దాటి చూపించింది. పరుగులు పెట్టే గుమాస్తా కూడా ఒక్క చీటీకి రెండు సెకన్లు తీసుకోడు. అదే పేజీ అడుగున 'రిసోర్స్ మానిటర్' ఉంటుంది. అందులో డిస్క్ ట్యాబు తెరిస్తే ఏ ఫైలు దగ్గర ఎంత ఆలస్యమవుతోందో వరసగా వస్తుంది. ఆలస్యమైన ఫైళ్లలో మా పాత ఫొటోల ఫోల్డర్లవే ఎక్కువ.

మా అమ్మాయి క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాము వేసుకోమంది. తెరవగానే పసుపు రంగులో 'కాషన్'. డిస్కులన్నీ తమ ఆరోగ్యం తామే స్మార్ట్ అనే పద్ధతిలో రాసుకుంటాయి, ఈ ప్రోగ్రాము దాన్ని చదివి చూపిస్తుంది. అందులో మూడు వరసలు ముఖ్యం. 05 అంటే పాడైపోయాయని తేల్చి పక్కన పెట్టిన చోట్లు. సీ5 అంటే చదవడానికి మొరాయిస్తున్నవి, ఇంకా తేలనివి. సీ6 ఇక చదవలేమని వదిలేసినవి. మాకు సీ5 ఎదురుగా 18 ఉంది. ఆ అంకె పదహారింటి లెక్కలో ఉంటుంది, అంటే ఒక పదహారు, పైన ఎనిమిది. మామూలు లెక్కలో 24. మొరాయించే చోటు దగ్గర డిస్క్ ఒకే ముక్క కోసం మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. ఆ సెకన్లపాటు వెనక వరసలో ఉన్నవాళ్లందరూ ఆగిపోతారు. ఇల్లంతా స్తంభించిపోయినట్టయ్యేది అందుకే.

సీ5 దగ్గర సున్నా కాకుండా ఏదున్నా ఇంకేం చేయకండి. డీఫ్రాగ్ వద్దు, చెక్ డిస్క్ వద్దు, ఫార్మాట్ అసలే వద్దు. అవన్నీ చావుబతుకుల్లో ఉన్నదాని చేత మెట్లెక్కించడమే. ముందు ముఖ్యమైనవి బయటికి తీసుకోండి. నేను లెక్కల ఫైళ్లు మొదట, తర్వాత స్కాన్ చేసిన కాగితాలు, ఆఖరున ఫొటోలు తీశాను. మూడు ఫొటోలు తప్ప అన్నీ వచ్చాయి. మరిది మాట విని ఫార్మాట్ కొట్టి ఉంటే? అదే డిస్క్ మీద విండోస్ కొత్తగా ఎక్కి, నాలుగు రోజులు బాగున్నట్టే ఉండి, మళ్లీ ఇదే. ఫొటోలు మాత్రం ఉండేవి కావు.

తర్వాత కథ చిన్నదే. 500 జీబీ సాటా ఎస్ఎస్‌డీ తెచ్చాం. పాత డిస్క్‌కి వెళ్లే రెండు తీగలు దీనికి పెట్టి, విండోస్ కొత్తగా ఎక్కించాం. మదర్‌బోర్డు అదే కాబట్టి లైసెన్సు దానంతటదే గుర్తుపట్టింది. పెట్టె మీద సెకనుకి 500 ఎంబీ పైన అని గొప్పగా రాస్తారు గానీ, తేడా తెచ్చేది అది కాదు. తిరిగే పళ్లెం లేదు, జరిగే సూది లేదు. డెబ్బై ఎనభై చీటీలు తెచ్చే చోట వేలకు వేలు తెస్తుంది. కాగితం మీద ఆఖరి వరస: తెరుచుకోవడానికి 24 సెకన్లు, ఎక్సెల్‌కి 5. బట్టలు ఆరేయడానికి ఇప్పుడు వేరే సమయం చూసుకోవాల్సి వస్తోంది.

ఈ బాగు ఎల్లకాలం ఉండదు, అదీ తెలుసు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 ఒప్పుకునే ఇంటెల్ జాబితా దాదాపుగా ఎనిమిదో తరం నుంచి మొదలవుతుంది, మా ఐ3 ఆరో తరానిది. ప్రస్తుతానికి పొడిగించిన సెక్యూరిటీ అప్‌డేట్లలో నమోదు చేసుకున్నాను. కొత్తది కొనే రోజు వస్తుంది. కానీ అది పాడైన ఒక్క డిస్క్ వల్ల వచ్చే రోజు కాదు.

నా మార్కులు: ఐదుకి నాలుగు. ఒకటి కోసింది డిస్క్ ఆరోగ్యం చెప్పనందుకు. మిగతా లోపాలకి కోయలేదు, ఉచితంగా పనిచేసేవాడి దగ్గర మరీ పట్టుపట్టకూడదు. క్లీనర్‌కి ఎన్నిస్తానో అడక్కండి.

ఇదంతా రాసుకుంటుంటే పోయిన ఆదివారం మరిది ఫోన్ చేశాడు.

"వదినా, నా ల్యాప్‌టాప్ చచ్చిపోతోంది. మీరేదో ఎస్ఎస్‌డీ వేశారట కదా, ఏ కంపెనీది?"

"నీదాంట్లో ముందే ఉంది కదా నాయనా. ముందు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ నొక్కు. ఏ గడి ముదురుగా ఉంది?"

"సీపీయూ. వంద. చెప్పాను కదా, వైరస్సే."

"ఆగు. పర్ఫార్మెన్స్‌లో సీపీయూ నొక్కు. 'స్పీడ్' అని ఉంటుంది, ఎంత?"

"0.78."

"పక్కన 'బేస్ స్పీడ్'?"

"1.60."

అంటే ఎంత పనున్నా సగం వేగంలోనే ఈడుస్తోంది. వేడెక్కిపోతే అలా తగ్గించుకుంటుంది. ఫ్యాను దగ్గర గాలి వేడిగా వస్తోందా అంటే, లేదు, చల్లగానే ఉంది అన్నాడు. ఇంకో కారణం నేను ఈ ఆరు వారాల్లోనే చదివాను. కొన్ని ల్యాప్‌టాప్‌లు తమది కాని ఛార్జర్ పెడితే గుర్తుపట్టక, దానికి సరిపడా కరెంటు వస్తుందో రాదో అని భయపడి వేగం కట్టేసుకుంటాయి.

"ఛార్జర్ దాంతో వచ్చిందేనా?"

కాసేపు అవతల మాట లేదు.

"అది తెగిపోయింది వదినా. పిన్ను పడుతోంది కదా అని వేరేది పెట్టా."

"తీసేసి, బ్యాటరీ మీద చూడు."

తీగ లాగిన చప్పుడు వినిపించింది.

"1.9... 2.6..." అన్నాడు, కొంచెం నీరసంగా.